ఆరో నంబరు రాయి

మా తోడల్లుడు ఆ వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు అతని చేతుల్లో రెండు కంప్యూటర్లు, వెనక నా మరదలు, మొహం నిండా నవ్వు ఉన్నాయి. ఆ నవ్వును నేను క్షమించగలిగేవాణ్ణే. కానీ మా మామగారు గుమ్మం దాకా ఎదురెళ్ళి, "రండి అల్లుడుగారూ, మీకోసమే చూస్తున్నాం" అనడం మాత్రం నా కడుపులో నిప్పులు పోసింది. అదే గుమ్మంలోంచి పంతొమ్మిదేళ్ళుగా నేను రోజూ లోపలికి వస్తున్నాను. ఆయన ఒక్కసారైనా పుస్తకంలోంచి తల ఎత్తినట్టు నాకు గుర్తు లేదు.

వారం తిరక్కుండానే మా అత్తగారు ఇద్దరికీ పేర్లు పెట్టేసింది. అతను లెక్కల అల్లుడు, నేను కర్రల అల్లుణ్ణి. కాదనడానికి లేదు, మా ఉద్యోగాలు అవే మరి.

మాది తీరం కొలిచే ఆఫీసు. రెండు కొండల మధ్య వంపు తిరిగిన ఇసుక తీరం, దాని పొడవునా పాతిన ఎనిమిది నంబరు రాళ్ళు. నెలకోసారి, నీళ్ళు బాగా వెనక్కి తగ్గిన పూట, ఒక్కో రాయి దగ్గర మొదలుపెట్టి నీటి అంచు దాకా కొలుస్తాం. పద్ధతి చెబితే నవ్వుతారు. గుర్తులు గీసిన రెండు కర్రలు, మధ్యన రెండు మీటర్ల తాడు. ముందు మనిషి కర్ర నిలబెడతాడు. వెనక మనిషి ఆ కర్ర కొసనూ, సముద్రం ఆకాశం కలిసే గీతనూ ఒక్క చూపులో పెట్టి, ఆ చూపు తన కర్ర మీద ఎక్కడ తగిలిందో చదువుతాడు; ఇసుక ఎంత వాలిందో అదే చెబుతుంది. ఒక తాడు దూరం దిగి మళ్ళీ అదే పని. రాయి నుంచి నీటి దాకా ఎన్ని తాళ్ళు పడితే ఇసుక వెడల్పు అంత. ఈ పని ముప్పై ఒక్క ఏళ్ళ కిందట మొదలుపెట్టింది మా మామగారు. ఆయన దగ్గర ముందు కర్ర పట్టుకోవడానికి చేరి, ఆయన పెద్ద కూతుర్ని పెళ్ళి చేసుకుని, చివరికి వెనక కర్రకు వచ్చాను నేను. ఆయన కళ్ళు మందగించినప్పటినుంచీ ముందు కర్ర నా భార్య పడుతోంది. ఒక్క నెల కూడా తప్పలేదు.

రిటైరైనా కొలతల పుస్తకం మాత్రం ఆయన చేతిలోనే. కొలిచి ఇంటికి రాగానే లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకుని పుస్తకం తెరుస్తారు. "ఒకటో రాయి, పంతొమ్మిది తాళ్ళు" అంటాను. పంతొమ్మిది అని రాస్తారు. ఎనిమిదో రాయి అయ్యాక పుస్తకం మూసేస్తారు. బాగుందనరు, బాగాలేదనరు. నన్ను అసలేమీ అడగరు.

అలాంటి మనిషి ఇనప పెట్టె తాళం తీసి, ముప్పై ఒక్క ఏళ్ళ పుస్తకాలూ లెక్కల అల్లుడి ముందు పరిచేశారు. ఆ పెట్టెను తుడవడానికి తప్ప నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు.

ఆ వేసవంతా మధ్యాహ్నాలు ముందు గదిలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. మామగారు అంకెలు చదివేవారు, అతను ఎక్కించుకునేవాడు. మధ్యమధ్యలో మామగారు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసేవారు.

"ఈ గీత ఎక్కడినుంచి వచ్చింది అల్లుడుగారూ?"

"అలల లెక్కలోంచండీ. సముద్రం మామూలుకన్నా వేడెక్కిన ఏళ్ళలో తుఫాన్లు దారి మార్చుకుంటాయి. అప్పుడు అలలు ఉత్తరం వైపునుంచి ఏటవాలుగా కొడతాయి. దాంతో ఇసుక ఈ కొండ దగ్గర్నుంచి ఆ కొండ దగ్గరికి నడుస్తుంది. చల్లని ఏళ్ళలో మళ్ళీ వెనక్కి వస్తుంది."

"వచ్చేదంతా వస్తుందా?"

"అదేనండీ తేలాల్సింది. ఏ ఏడు వేడి, ఏ ఏడు చల్లన అనేది ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే రాబోయే నలభై ఏళ్ళను వంద రకాలుగా నడిపిస్తాను. వంద సముద్రాలనుకోండి. అందులో తొంభై సముద్రాలు ఎంతవరకు తింటాయో అక్కడ గీత గీస్తాం. ఆ గీతకు సముద్రం వైపు ఎవరూ ఇల్లు కట్టకూడదు. ఆఫీసు అడిగింది ఆ గీతే."

"భేష్! వంద సముద్రాలా!" అని మామగారు తొడ చరిచేవారు.

నేను పక్క గదిలో కర్రలకు నూనె రాస్తూ వినేవాణ్ణి. ఆ వేసవిలో నేను రాసినంత నూనె ఆ కర్రలు జన్మలో తాగి ఉండవు. భేష్ అనే మాట ఆయనకు వచ్చని తెలిసిందే అప్పుడు నాకు. ఒళ్ళు మండిపోయేది. అతను మంచివాడు కావడం ఇంకా మంట. నన్ను చూస్తే లేచి నిలబడి "కూర్చోండి అన్నయ్యా" అని తన కుర్చీ ఇచ్చేవాడు. నా ఇంట్లో నాకు కుర్చీ!

ఇంకో నెల గడిచేసరికి అతని నవ్వు కాస్త తగ్గింది. ఎందుకో అని కాఫీ నెపంతో వెళ్ళి చూశాను. తెర మీద ఎనిమిది బొమ్మలు. ఒక్కోదానిలో మా కొలతలు చుక్కలుగా, అతని లెక్క గీతగా ఉన్నాయి. ఏడు బొమ్మల్లో గీత చుక్కలమీదుగానే వెళ్ళింది. ఆరో రాయి దగ్గర మాత్రం సగం దాటేదాకా బాగానే నడిచి, అక్కణ్ణుంచి కిందికి పడిపోయింది. చుక్కలన్నీ పైన ఉండిపోయాయి.

"పదకొండేళ్ళ కిందట తుఫాను వచ్చిన నెల నుంచి ఇలాగే ఉందండీ," అన్నాడు తల గోక్కుంటూ. "లెక్క చెప్పేదానికన్నా మీ కొలత ఎప్పుడూ మూడు తాళ్ళు ఎక్కువ."

నా ప్రాణం లేచి వచ్చింది. ఏం దాచుకోను, ఆ వేసవిలో నాకు దొరికిన మొదటి సుఖం అది.

"కంప్యూటరుకు కాళ్ళు తడవవు కదా తమ్ముడూ," అన్నాను. "అందుకే తెలిసుండదు."

మామగారు కూడా నవ్వారు. "మా కొలత తప్పదు అల్లుడుగారూ. మీ సముద్రాన్నే సరిచేసుకోండి."

మా కొలత అన్నారు! నేను గాల్లో తేలిపోతుండగా, అతను నావైపు తిరిగి అమాయకంగా అడిగాడు.

"అన్నయ్యా, ఆ తుఫానుకు ఆరో రాయి గానీ కదిలిందా?"

గుమ్మం దగ్గర నా భార్య గ్లాసులు తీస్తోంది. ఆమె చెయ్యి ఆగడం నేను చూశాను.

"రాయి రాయిలాగే ఉంది," అన్నాను.

కదిలింది. కదలడం కాదు, విరిగింది. ఆ తుఫాను నాటికి మామగారు కళ్ళ ఆపరేషనుకని ఆస్పత్రిలో ఉన్నారు. "నేను వచ్చేదాకా రాళ్ళ జోలికి పోవద్దు" అని కబురు పంపారు. కానీ కొలత రోజు వచ్చేసింది. నెల తప్పితే ఆయన నా మొహం చూడరు. నేను అంకె వేసి ఉన్న పై ముక్కను తెచ్చి, గట్టి నేల చూసి, మూడు తాళ్ళు వెనక పాతాను. కొలిచాక మూడు తాళ్ళు తీసేసి చెబితే సరిపోతుందని నా ఉద్దేశం. ఆస్పత్రిలో ఆయన కళ్ళకు గుడ్డ కట్టి ఉంది. ఆరో రాయి దగ్గర ఇసుకంతా పోయి ఉంటుందని బెంగతో ఉన్నారు. లెక్క ప్రకారం నేను పన్నెండు అనాలి. కంగారులో కొలిచిన అంకే నోట్లోంచి వచ్చేసింది, పదిహేను అని. "పదిహేనా? అయితే మిగిలిందోయ్!" అని ఆయన తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళిలో కూతుర్ని అప్పగించినప్పుడు తప్ప ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదొక్కసారే. ఆ చెయ్యి వదిలించుకుని కాదు పన్నెండే అని చెప్పలేకపోయాను. పైనెల అసలు చెప్పలేకపోయాను. ఆ తర్వాత చెప్పడానికి దారే లేకపోయింది. ఆయన చూపు మళ్ళీ పూర్తిగా రాలేదు. తుఫాను ఆ చోటంతా చదును చేసి పోవడంతో రాయి ఎక్కడున్నా ఆయనకు ఒకటే.

ఆ సాయంత్రం వంటింట్లో నా భార్య స్టవ్ ఆపి నావైపు తిరిగింది.

"ఆ మూడు తాళ్ళూ తీసేసే చెబుతున్నారు కదూ నాన్నకి?"

నేను చూపు తిప్పుకున్నాను.

"పదకొండేళ్ళా!" అంది. "నేను ఎండలో కర్ర పట్టుకుని నిలబడింది ఇందుకా?"

"ఇప్పుడు చెబితే ఏం మిగులుతుంది నాకు? నీ మరిదికి నెత్తిన కిరీటం, నాకు..."

"కిరీటం సంగతి కాదండీ. ఆరో రాయి పక్కనే కదా మన స్థలం ఉన్నది!"

ఆ స్థలం సంగతి చెప్పాలి. రిటైరైనప్పుడు మామగారు కొన్నది. ఆఫీసు ఇచ్చిన ఈ రెండు గదుల కొంపలోనే అత్తమామలతో కలిసి మేం సంసారం మొదలుపెట్టాం, ఇప్పటికీ అందులోనే ఉన్నాం. అత్తగారూ, నా భార్యా ఆ స్థలంలో లేని ఇంటికి కిటికీలు ఎటు పెట్టాలో ఏళ్ళ తరబడి వాదించుకునేవాళ్ళు. ఇసుక ఏం చేస్తుందో తేలితేగానీ ఇటుక పెట్టనని మామగారి పట్టు. ఇప్పుడు తేల్చడానికి అల్లుడే వచ్చాడు.

"చెప్పేదేదో ఇటుక పెట్టకముందే చెప్పండి," అని నా భార్య స్టవ్ వెలిగించుకుంది. ఆ తర్వాత చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

చెప్పేవాణ్ణేమో. అంతలో మా తోడల్లుడు తన సమస్య తానే తీర్చుకున్నాడు. ఆరో రాయికి ఎదురుగా నీళ్ళ అడుగున ఒక బండ ఉండి ఉండాలని, అది అలల జోరు విరగ్గొట్టి ఇసుకను నిలబెడుతోందని ఊహించాడు. లెక్కలో ఆ బండ పెట్టగానే గీత లేచి చక్కగా చుక్కల మీద కూర్చుంది. లేని బండను నా అబద్ధం కోసం సముద్రంలో పాతేశాడు మహానుభావుడు.

"ఉంది, ఉంది!" అన్నారు మామగారు ఉత్సాహంగా. "కుర్రతనంలో నేను పడవ మీద వెళ్తే అడుగున గీసుకుంది. అక్కడే!"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ బండ ఊసు ఎవరూ ఎత్తలేదు. మర్నాటికి దాని పొడవు ఎంతో కూడా ఆయనకు గుర్తొచ్చింది. మూడో నాటికి దాని మీద పీతలు కూడా చేరాయి. నా మరదలు ఇరుగుపొరుగుకు చెప్పుకుంది, మా ఆయన కుర్చీలో కూర్చునే సముద్రం అడుగున బండను కనిపెట్టాడని. నేను మాత్రం కక్కలేక మింగలేక ఊరుకున్నాను. నా తప్పుతో కూడా అతనే పేరు తెచ్చుకున్నాడు.

బండ ఉండబట్టి తొంభై సముద్రాల గీత మా స్థలానికి నాలుగు తాళ్ళ అవతలే ఆగిపోయింది. ఇల్లు కట్టుకోవచ్చు. అత్తగారు కళ్ళు తుడుచుకుంది. మామగారు ఆ పూటే కాగితం మీద ఇల్లు గీశారు.

"సముద్రం వైపు వాటా చిన్నవాళ్ళకి," అన్నారు. "అల్లుడుగారు ఇక ఇక్కడే ఉండి పని చేసుకుంటానన్నారు. కిటికీలోంచి సముద్రం చూస్తూ లెక్కలు వేసుకోవచ్చు. వెనక వాటా మీకు. నువ్వెలాగూ రోజంతా తీరం మీదే ఉంటావు కదోయ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. దవడలు నొప్పెట్టాయి.

ముగ్గులు పోయించడానికి మేస్త్రీ వచ్చే ముందు మామగారు స్థలంలో కొలతలు తనే వేయిస్తానన్నారు. ఒక పొద్దున అందరం వెళ్ళాం. ఆయన మేకులూ సుత్తీ తెప్పించారు. ఎటుతిరిగీ కొలిచేది నేనే కదా, టేపు నా చేతికిచ్చారు. వెనక వాటా మేకులు దిగాయి. ఆరో రాయి పక్కనుంచి సముద్రం వైపు జరుగుతూ ముందు వాటా వచ్చింది.

"ఇక్కడ అల్లుడుగారి గది. ఇంకాస్త జరుగు. ఇంకాస్త. చాలు. అల్లుడుగారూ, మీ గది మేకు మీ చేత్తోనే కొట్టండి," అని ఆయన తన భుజం మీది కండువా తీసి అతని నుదుటి చెమట తుడిచారు.

టేపు చూసుకున్నాను. రాయి దగ్గర్నుంచి ఆరు మీటర్లు. మూడు తాళ్ళు.

అప్పుడు నాకు అందరి క్షేమం గుర్తొచ్చి ఉంటే ఎంత బాగుండేది. నా భార్య నా వంకే చూస్తోంది, ఆమె కోసం నోరు విప్పినా గౌరవంగా ఉండేది. అలా ఏమీ జరగలేదు. నాకు కనిపించిందల్లా ఆ కండువా, ఆ నుదురు.

"ఇక్కడ మేకు దిగదు మామయ్యగారూ," అన్నాను.

"ఏం?"

"కింద రాయి ఉంది. ఆరో నంబరు రాయి మొదలు."

అతను సుత్తి దించాడు. మామగారికి అర్థం కాలేదు. నేనే మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడాను. మోచెయ్యి లోతులో తగిలింది. విరిగిన మొదలు, తడిగా, చల్లగా. మామగారు వంగి దాన్ని వేళ్ళతో తడిమారు. విరిగిన అంచు చుట్టూ నెమ్మదిగా ఒకసారి తడిమి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఎన్ని తాళ్ళు?"

"మూడు."

"ఎప్పటినుంచి?"

"మీరు ఆస్పత్రిలో ఉన్నప్పటినుంచి."

ఆ తర్వాత మా తోడల్లుడు ఇసుకలో ఎగిరి గంతేశాడు. "బండ లేదు! అయితే బండ లేదు! నా లెక్క మొదట్నుంచీ కరెక్టే అన్నయ్యా!" అని నన్ను కావలించుకోబోయి, అత్తగారి మొహం చూసి ఆగిపోయాడు. అతనికన్నా ముందు ఆవిడకు తట్టింది, బండ లేకపోతే ఇల్లూ లేదని.

మామగారు అప్పటిదాకా దించిన మేకులన్నీ ఒక్కొక్కటే పీకి సంచిలో వేసుకున్నారు. నేను సాయం చెయ్యబోతే వద్దనలేదు, ఇవ్వనూ లేదు.

లెక్క మళ్ళీ నడవడానికి మూడు రోజులు పట్టింది. అసలైన అంకెలతో చూస్తే సంగతి వేరు. వేడి ఏడు నడిచి వెళ్ళిన ఇసుక చల్లని ఏడు వెనక్కి వచ్చే మాట నిజమే, కానీ ఆరో రాయి దగ్గర వచ్చిన ప్రతిసారీ కాస్త తక్కువే వస్తోంది. నా మూడు తాళ్ళు ఆ తక్కువను కప్పేస్తూ వచ్చాయి. తొంభై సముద్రాల గీత మా స్థలాన్ని దాటి, వెనక రోడ్డు మీదుగా వెళ్ళింది. ఇల్లు గీసిన కాగితాన్ని అత్తగారు మడిచి బట్టల కింద పెట్టేసింది. నా భార్య ఆ రాత్రి భోజనం నాకు వడ్డించి, పక్కనే కూర్చుంది. "చెప్పారు కదా," అంది. ఎందుకు చెప్పానో నేను ఆమెకు చెప్పలేదు.

మామగారు పుస్తకాలు ముందేసుకుని నాలుగు మధ్యాహ్నాలు కూర్చున్నారు. నూట ముప్పై రెండు నెలలు. ప్రతి నెలా ఆరో రాయి ఎదురుగా ఉన్న అంకెను కొట్టేసి, పక్కన మూడు తక్కువగా రాశారు. కాగితానికి మొహం ఆనించి రాస్తుంటే ముక్కుకు సిరా అంటుకుంది. చదివి పెడతానన్నాను. "అక్కర్లేదు" అన్నారు. బండ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు.

వేసవి చివర కొలత రోజు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందే పెద్ద అలలు మొదలయ్యాయి, ఉత్తరం వైపునుంచి, ఏటవాలుగా. నా భార్యకు జ్వరం. ముందు కర్ర పట్టుకోవడానికి మా తోడల్లుడు సిద్ధమయ్యాడు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు కర్రను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొదటి రాయి దగ్గర వంకరగా పెట్టాడు, రెండో రాయి దగ్గర కెరటం వచ్చి మోకాళ్ళ దాకా తడిపింది. నాకు కొంచెం బాగానే అనిపించింది.

ఆరో రాయి పాత మొదలు దగ్గర్నుంచి తాళ్ళు వేసుకుంటూ దిగాం. మా స్థలం ముందు భాగంలో అప్పటికే గట్టు కోసుకుపోయింది. అతని గది మేకు దిగాల్సిన చోటికి నీళ్ళు పెద్ద దూరంలో లేవు. తొమ్మిది తాళ్ళు పడ్డాయి. అతని లెక్క చెప్పిందీ తొమ్మిదే.

ఈసారి అతను గంతెయ్యలేదు. తాడు చుడుతూ అన్నాడు, "మీకో మాట చెప్పనా అన్నయ్యా? ఈ వేసవంతా నాకు మీమీద ఒకటే కుళ్ళు."

"నామీదా?"

"మామయ్యగారు నన్ను రోజుకు నలభై ప్రశ్నలు అడుగుతారు. ఇదెక్కడిది, అదెక్కడిది అని. నేను ఏం చెప్పినా నమ్మకం కుదరదు, పైకి మాత్రం భేష్ అంటారు. మీరు అంకె చెబితే మారుమాట లేకుండా రాసేసుకునేవారట కదా, మీ మరదలు ఎన్నిసార్లు చెప్పిందో. నేను ఎన్నేళ్ళు ఉంటే అలా రాసుకుంటారు చెప్పండి?"

ఇంకా రెండు రాళ్ళు ఉన్నాయని కర్ర ఎత్తుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మామగారు కళ్ళద్దాలు పెట్టుకుని, పుస్తకం తెరిచి కూర్చున్నారు. కాళ్ళు కడుక్కుని ఎదురుగా నిలబడ్డాను. మా తోడల్లుడు నా పక్కన నిలబడ్డాడు.

"ఒకటో రాయి, ఇరవై ఒక్క తాళ్ళు," అన్నాను.

కలం కాగితం దాకా వెళ్ళి ఆగింది. ఆయన తల ఎత్తారు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పుస్తకంలోంచి తల ఎత్తి నా మొహంలోకి చూశారు.

"ఎక్కడినుంచి కొలిచావు?"